భాగం – 14: ఎల్వా నదీ పునరుద్ధరణ – వలస చేపల దారి చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• వలస చేపల జీవితంలో నదికి ఉన్న స్థానాన్ని వివరించగలుగుతారు.
• ఎల్వా నదిపై ఆనకట్టలు కట్టినప్పుడు చట్టాన్ని ఏ విధంగా పక్కన పెట్టారో చెప్పగలుగుతారు.
• 1855 నాటి ఒప్పందానికి, 2011లో మొదలైన ఆనకట్టల తొలగింపుకు మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• నదీ పునరుద్ధరణ వల్ల సాధించినదేమిటో, ఇంకా మిగిలి ఉన్నదేమిటో విశ్లేషించగలుగుతారు.
• ఈ చరిత్రను గోదావరి పులస చేప పరిస్థితితో పోల్చి చూడగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

ఆనకట్ట చరిత్ర అనగానే మనకు దాన్ని కట్టిన ఇంజనీరు పేరు, పూర్తయిన సంవత్సరం, దాని కింద సాగయ్యే ఎకరాలు గుర్తుకొస్తాయి. జలవిద్యుత్ ఆనకట్ట అయితే ఎన్ని మెగావాట్లు అని అడుగుతాం. ఈ లెక్కలన్నీ అవసరమైనవే. అయితే ఆనకట్ట వల్ల ఆగిపోయినవాటి లెక్క కూడా చరిత్రలో భాగమే. ఆ లెక్క సాధారణంగా ప్రభుత్వ దస్త్రాల్లో కనిపించదు. నది మీద ఆధారపడి బతికినవారి జ్ఞాపకాల్లో, కోర్టు కాగితాల్లో, కొన్నిసార్లు నది అడుగున ఉన్న రాళ్లలో దాన్ని వెతకవలసి ఉంటుంది.

ఈ భాగంలో మనం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రవహించే ఎల్వా అనే చిన్న నది చరిత్రను తెలుసుకుంటాం. ఈ నదిపై 20వ శతాబ్దం మొదట్లో రెండు ఆనకట్టలు కట్టారు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎగువకు వచ్చే సాల్మన్ చేపల దారి దాంతో మూసుకుపోయింది. సుమారు వంద సంవత్సరాల తరవాత ఆ రెండింటినీ తొలగించారు.

ఒక ప్రశ్నను మనసులో పెట్టుకుని ఈ భాగాన్ని చదవండి. చేపల దారిని మూయకూడదని చట్టం మొదటి నుంచీ ఉంది. అయినా దారి మూసుకుపోయింది. మరి వంద సంవత్సరాల తరవాత దాన్ని తెరిపించిన శక్తి ఏది?

14.2 నది, చేప, ప్రజలు

14.2.1 నది

ఎల్వా నది పొడవు సుమారు 72 కిలోమీటర్లు. ఒలింపిక్ పర్వతాల మంచు నీటితో మొదలై, ఉత్తర దిశగా ప్రవహించి, హువాన్ డి ఫూకా జలసంధి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం ఈనాడు ఒలింపిక్ జాతీయ పార్కులో ఉంది. 1938లో ఏర్పడిన ఈ పార్కులో అడవులు దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. నది ఎగువ భాగం చెడిపోకుండా ఉండటం తరవాతి కథలో కీలకమవుతుంది.

14.2.2 చేప

సాల్మన్ చేప నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి తిరిగి నదిలోకి వస్తుంది. చాలావరకు తాను పుట్టిన నదికే చేరుకుంటుంది. ఆడ చేప పారే నీటి అడుగున ఉన్న గులకరాళ్లను తోకతో తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ గులకరాళ్లతో కప్పుతుంది. గులకరాళ్ల సందుల్లో చల్లని నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. పసిఫిక్ సాల్మన్ జాతులు గుడ్లు పెట్టిన తరవాత చనిపోతాయి. వాటి కళేబరాలు పక్షులకు, జంతువులకు ఆహారమవుతాయి, ఒడ్డున ఉన్న చెట్లకు ఎరువవుతాయి. అంటే, సముద్రంలోని పోషకాలు చేపల ద్వారా అడవికి చేరుతాయి.

ఈ జీవితచక్రానికి మూడు అవసరాలు ఉన్నాయి: అడ్డులేని దారి, చల్లని నీరు, గులకరాళ్లు ఉన్న నది అడుగు. ఆనకట్ట ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది.

చినూక్, కోహో, చమ్, పింక్, సాకీ అనే ఐదు జాతుల పసిఫిక్ సాల్మన్ ఎల్వాలోకి వచ్చేవి. వీటితో పాటు స్టీల్‌హెడ్ అనే చేప కూడా వచ్చేది. ఎల్వా చినూక్ చేపలు చాలా పెద్దవిగా పేరుపొందాయి. ఆనకట్టలకు ముందు ఏడాదికి సుమారు 4 లక్షల చేపలు ఈ నదికి వచ్చేవని అంచనా.

14.2.3 ప్రజలు

నది దిగువ ప్రాంతంలోనూ సముద్రతీరంలోనూ క్లాలం అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా నివసిస్తున్నారు. క్లాలం అనే పేరుకు 'బలమైన జనులు' అని అర్థం. వారికి సాల్మన్ ఆహారం మాత్రమే కాదు. చేపను ఎండబెట్టి, పొగబెట్టి చలికాలానికి దాచుకోవడం, ఇతర తెగలతో ఇచ్చిపుచ్చుకోవడం, మొదటి చేపను గౌరవించే ఆచారం ఇవన్నీ వారి సంవత్సరాన్ని నడిపించేవి. తమ జాతి సృష్టి జరిగిన స్థలం ఎల్వా ఒడ్డునే ఉందని వారు నమ్ముతారు. ఆ స్థలం ఆనకట్ట జలాశయంలో మునిగిపోయింది.

14.3 1855 ఒప్పందం

19వ శతాబ్దం మధ్యలో వాషింగ్టన్ ప్రాంతానికి శ్వేతజాతి వలసదారులు ఎక్కువగా రాసాగారు. వారికి భూమి సమకూర్చడానికి ప్రాంతీయ గవర్నరు ఐజాక్ స్టీవెన్స్ అక్కడి తెగలతో వరుసగా ఒప్పందాలు చేసుకున్నాడు. 1855 జనవరిలో కుదిరిన 'పాయింట్ నో పాయింట్' ఒప్పందం వాటిలో ఒకటి. దీనిపై క్లాలం, స్కోకోమిష్, చిమాకమ్ ప్రజల ప్రతినిధులు సంతకాలు చేశారు.

ఈ ఒప్పందం ప్రకారం తెగలు విస్తారమైన భూమిని వదులుకున్నాయి. అందుకు బదులుగా తాము అలవాటుగా చేపలు పట్టే చోట్ల చేపలు పట్టే హక్కును నిలుపుకున్నాయి. ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. ఈ హక్కును ప్రభుత్వం వారికి కొత్తగా ఇవ్వలేదు. అది అంతకుముందే వారిది. అన్నీ వదులుకుంటూ వారు దాన్ని మాత్రం తమ దగ్గర ఉంచుకున్నారు. 20వ శతాబ్దంలో కోర్టులు ఒప్పందాన్ని చదివిన తీరుకు ఈ తేడాయే ఆధారం.

ఆచరణలో ఈ మాట చాలాకాలం నిలవలేదు. రాష్ట్ర అధికారులు తమ నిబంధనల పేరుతో ఆదివాసులను చేపల వేట నుంచి దూరం చేశారు. తమ నదిలో తాము చేపలు పట్టినందుకు అరెస్టయినవారు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం కల్పించిన చట్టం 1924లోగాని రాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. సాల్మన్ గుడ్లు పెట్టడానికి గులకరాళ్లు ఎందుకు అవసరం?
2. 1855 ఒప్పందంలో చేపల వేట హక్కు 'ఇచ్చిన' హక్కా, 'నిలుపుకున్న' హక్కా? తేడా ఏమిటి?

14.4 ఆనకట్టలు, చట్టం

14.4.1 ఎల్వా ఆనకట్ట

థామస్ ఆల్డ్‌వెల్ అనే కెనడా దేశస్థుడు 1890లో పోర్ట్ ఏంజెలిస్ పట్టణానికి వచ్చాడు. ఎల్వా నది ఇరుకైన లోయ గుండా ప్రవహించే చోట విద్యుత్తు తీయవచ్చని గ్రహించి, అక్కడి భూములను కొంతకాలంపాటు కొంచెం కొంచెంగా కొన్నాడు. తరవాత పెట్టుబడి సమకూర్చుకుని ఒక కంపెనీని స్థాపించాడు. 1910లో ఆనకట్ట పని మొదలైంది. సముద్రానికి సుమారు 8 కిలోమీటర్ల ఎగువన, దాదాపు 33 మీటర్ల ఎత్తున దాన్ని కట్టారు.

ఆనకట్ట పునాది నది అడుగున ఉన్న గట్టి రాతి వరకు వెళ్లలేదు. 1912 అక్టోబరు చివర జలాశయం నిండగానే నీరు పునాది కింద నుంచి తోసుకువచ్చింది. వరద దిగువకు దూకి, ఒడ్డున ఉన్న క్లాలం కుటుంబాల ఇళ్లను ముంచెత్తింది. వరద తీసిన తరవాత చెట్ల కొమ్మల్లో చేపలు చిక్కుకుని కనిపించాయన్న జ్ఞాపకం ఆ కుటుంబాల్లో తరవాతి తరాలకు అందింది. కంపెనీ ఆ రంధ్రాన్ని రాళ్లతో, మట్టితో, చెట్ల కొమ్మలతో పూడ్చి 1913లో పని ముగించింది. ఈ విద్యుత్తు పోర్ట్ ఏంజెలిస్ పట్టణం ఎదుగుదలకు, అక్కడి కలప, కాగితం మిల్లులకు తోడ్పడింది. ఉపాధి పెరిగింది. ఈ ప్రయోజనాన్ని కూడా మనం కాదనకూడదు.

14.4.2 చేపల మెట్లకు బదులు హేచరీ

వాషింగ్టన్ 1889లో రాష్ట్రమైంది. మరుసటి సంవత్సరమే, అంటే 1890లో, అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. చేపలు ఎగువకు వెళ్లే ఏ నదిపై ఆనకట్ట కట్టినా, చేపలు దాటడానికి దారి ఏర్పాటు చేయాలని ఆ చట్టం చెప్పింది. సాధారణంగా ఈ దారిని నీళ్లు పారే మెట్ల వరుసగా కడతారు. చేపలు ఒక్కొక్క మెట్టూ ఎక్కి పైకి చేరుకుంటాయి. ఎల్వా ఆనకట్టలో ఇటువంటి మెట్లు కట్టలేదు. ఆనకట్ట అడుగున చేపలు గుమిగూడి ముందుకు పోలేక తిరుగుతున్నాయన్న విషయం అధికారులకు తెలుసు.

ఆనాటి రాష్ట్ర మత్స్యశాఖ కమిషనరు లెస్లీ డార్విన్ దీనికి ఒక ఉపాయం సూచించాడు. ఆనకట్ట దగ్గర హేచరీ, అంటే చేపల గుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను నదిలో వదిలే కేంద్రం, నెలకొల్పాలి. అప్పుడు ఆనకట్టనే ఆ కేంద్రానికి చేపలను ఆపే అడ్డుగా పరిగణించవచ్చు. ఈ వాదనతో చట్టంలోని ఆటంకం తొలగింది. 1915లో శాసనసభ కూడా చేపల దారికి బదులు హేచరీని అనుమతించింది. హేచరీ కట్టారు. అది 1922లో మూతపడింది. ఆనకట్ట మాత్రం అలాగే ఉంది.

ఈ మార్పిడిని జాగ్రత్తగా పరిశీలించండి. చేపల దారి అనే శాశ్వత బాధ్యత స్థానంలో హేచరీ అనే తాత్కాలిక ఏర్పాటు వచ్చింది. ఆ ఏర్పాటు ఏడేళ్లలో పోయింది. కాని దాని బదులుగా కంపెనీ పొందిన మినహాయింపు పోలేదు. ఈ మార్పిడి గురించి కంపెనీ, రాష్ట్ర అధికారులు మాట్లాడుకున్నారు. నది మీద ఒప్పంద హక్కు ఉన్న క్లాలం ప్రజలకు ఆ చర్చలో స్థానం లేదు.

14.4.3 గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట

1927లో మొదటి ఆనకట్టకు దాదాపు 14 కిలోమీటర్ల ఎగువన గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట పూర్తయింది. దీని ఎత్తు 64 మీటర్లు. దీనిలోనూ చేపల దారి లేదు. కింద ఇప్పటికే దారి మూసి ఉన్నందువల్ల ఇక్కడ ఆ ప్రశ్నే ఎవరూ గట్టిగా అడగలేదు. మొదటి ఉల్లంఘన రెండవదానికి సాకుగా మారింది.

14.5 దిగువన జరిగిన మార్పులు

ఆనకట్టలతో నదిలోనూ ఉపనదుల్లోనూ కలిపి 110 కిలోమీటర్లకు పైగా ఉన్న ఎగువ ఆవాసం చేపలకు అందకుండా పోయింది. గుడ్లు పెట్టడానికి వాటికి మిగిలింది చివరి 8 కిలోమీటర్లు మాత్రమే.

ఆ కొద్ది దూరం కూడా బాగుండలేదు. నది కొండల నుంచి తెచ్చే ఇసుక, ఒండ్రు, గులకరాళ్లు జలాశయాల్లో ఆగిపోయాయి. కిందకు పారే నీరు ఉన్న గులకరాళ్లను కూడా కొట్టుకుపోవడంతో అడుగున పెద్ద రాళ్లే మిగిలాయి. వాటిని చేపలు తవ్వలేవు. జలాశయంలో నిలిచిన నీరు వేసవిలో వేడెక్కి కిందకు వచ్చేది. ఇసుక చేరక సముద్రతీరం కోతకు గురైంది. ఆ తీరంలో క్లాలం ప్రజలు ఏరుకునే ఆలిచిప్పలు కూడా తగ్గాయి. 20వ శతాబ్దం చివరికి ఏటా వచ్చే చేపల సంఖ్య లక్షల నుంచి కొన్ని వేలకు పడిపోయింది.

ఆల్డ్‌వెల్ ఆత్మకథ 1950లో వెలువడింది. 'చివరి సరిహద్దును జయించడం' అన్నది ఆ పుస్తకం పేరుకు అర్థం. నదిని జయించవలసిన సరిహద్దుగా చూసిన దృష్టి ఆ పేరులోనే ఉంది. అదే నదిని తమ పుట్టుక స్థలంగా చెప్పుకున్నవారి మాట ముద్రిత పుస్తకాల్లోకి ఆలస్యంగా చేరింది. చరిత్ర విద్యార్థిగా మీరు ఒక ఘటనకు ఉన్న ఆధారాలను చూసేటప్పుడు, ఎవరి మాట ముందుగా అచ్చయిందో, ఎవరి మాట జ్ఞాపకంలోనే ఉండిపోయిందో గమనించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. 1890 చట్టం ఏమి కోరింది? దాన్ని ఎలా తప్పించుకున్నారు?
2. ఆనకట్ట వల్ల దిగువన ఉన్న నది అడుగు ఎందుకు మారిపోయింది?

14.6 హక్కు తిరిగి మాట్లాడింది

14.6.1 బోల్ట్ తీర్పు

1960లలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆదివాసులు తమ చేపల వేట హక్కు కోసం నదుల మీదే ఉద్యమించారు. అరెస్టులకు సిద్ధపడి బహిరంగంగా వలలు వేశారు. కేసు ఫెడరల్ కోర్టుకు చేరింది. 1974 ఫిబ్రవరిలో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పాడు. 1850ల ఒప్పందాలు చెల్లుతాయని, పట్టదగిన చేపల్లో సగం వరకు ఒప్పంద తెగలకు చెందుతాయని ఆయన తేల్చాడు. 1979లో సుప్రీంకోర్టు ఈ తీర్పును ప్రధానంగా సమర్థించింది.

ఈ తీర్పు ఒక కొత్త ప్రశ్నకు దారితీసింది. నదిలో చేపే లేకపోతే సగం వాటాకు అర్థమేమిటి? హక్కు నిలవాలంటే చేప నిలవాలి. చేప నిలవాలంటే దారి ఉండాలి.

14.6.2 లైసెన్సు వివాదం

అదే కాలంలో ఆనకట్టల లైసెన్సు విషయం ముందుకు వచ్చింది. 1920 ఫెడరల్ జలవిద్యుత్ చట్టానికి ముందే కట్టిన ఎల్వా ఆనకట్టకు ఎప్పుడూ లైసెన్సు లేదు. గ్లైన్స్ కాన్యన్ ఆనకట్టకు 1926లో ఇచ్చిన 50 సంవత్సరాల లైసెన్సు 1976లో ముగిసింది. ఆ తరవాత ఏటా పొడిగిస్తూ వచ్చారు.

1968లో ఎల్వా ముఖద్వారం దగ్గర క్లాలం ప్రజలకు రిజర్వేషన్ ఏర్పడింది. లైసెన్సు విచారణలో 'లోయర్ ఎల్వా క్లాలం తెగ' వాదిగా నిలిచింది. పునాది సరిగా లేని ఆనకట్ట తమ ఇళ్లకు ప్రమాదమని, చేపల దారి మూయడం ఒప్పంద హక్కుకు భంగమని వాదించింది. పర్యావరణ సంఘాలు 1980లలో వారితో కలిశాయి. జాతీయ పార్కులో ప్రైవేటు ఆనకట్టకు లైసెన్సు ఇచ్చే అధికారం కమిషన్‌కు ఉందా అన్న ప్రశ్న కూడా చిక్కుముడి అయింది.

మరోవైపు, ఈ రెండు ఆనకట్టలు ఇచ్చే విద్యుత్తు పోర్ట్ ఏంజెలిస్‌లోని ఒక కాగితపు మిల్లు అవసరంలో సగానికి కూడా సరిపోయేది కాదు. దాన్ని ప్రాంతీయ గ్రిడ్ నుంచి తెచ్చుకోవచ్చు. చేపల మెట్లు కొత్తగా కడితే ఖర్చు ఎక్కువ, ఫలితం అనుమానం. అందువల్ల మిల్లు యాజమాన్యానికి కూడా రాజీ లాభదాయకంగా కనిపించింది.

అయితే పట్టణంలో అందరూ ఒప్పుకోలేదు. ఆనకట్టలు తమ పట్టణానికి పునాది అని భావించినవారు, జలాశయాలను ఇష్టపడినవారు, ఉద్యోగాల గురించి, మంచినీటి గురించి ఆందోళన చెందినవారు ఉన్నారు. వీరి భయాలను విస్మరించి ఈ కథను మంచికీ చెడుకీ మధ్య పోరుగా చదవడం సరికాదు.

1992లో అమెరికా కాంగ్రెస్ 'ఎల్వా నదీ జీవావరణ, మత్స్య పునరుద్ధరణ చట్టం' చేసింది. నది జీవావరణాన్ని, వలస చేపలను పూర్తిగా పునరుద్ధరించడం దాని లక్ష్యం. పట్టణ నీటి సరఫరాను, మిల్లుల ప్రయోజనాలను కాపాడే నిబంధనలను కూడా అందులో చేర్చారు. నిధులు వెంటనే రాలేదు. 2000లో ప్రభుత్వం 2.95 కోట్ల డాలర్లకు రెండు ఆనకట్టలను కొన్నది. ఆ తరవాత మరో పదకొండేళ్లకు పని మొదలైంది.

14.7 తొలగింపు

2011 సెప్టెంబరులో తొలగింపు ప్రారంభమైంది. ఆనకట్టలను ఒక్కసారిగా పేల్చలేదు. వాటి వెనక సుమారు 2.1 కోట్ల ఘనపు మీటర్ల పూడిక ఉంది. అదంతా ఒకేసారి కిందకు వస్తే నదిలో మిగిలిన చేపలు కూడా ఊపిరాడక చస్తాయి. అందువల్ల ఆనకట్టను అంచెలంచెలుగా కోస్తూ, జలాశయాన్ని నెమ్మదిగా దించారు. చేపలు నదిలోకి వచ్చే రోజుల్లో పని ఆపేవారు.

ఎల్వా ఆనకట్ట 2012 మార్చి నాటికి తొలగిపోయింది. గ్లైన్స్ కాన్యన్ ఆనకట్టలో చివరి భాగాన్ని 2014 ఆగస్టులో పేల్చారు. ఈలోగా నది బురదగా పారింది కాబట్టి పట్టణానికి, మిల్లుకు, హేచరీలకు శుభ్రమైన నీరు అందించే కేంద్రాలు కట్టవలసి వచ్చింది. మొత్తం పథకానికి సుమారు 32.5 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆనకట్టలను కూల్చిన ఖర్చు ఇందులో ఒక భాగం మాత్రమే.

బయటపడిన జలాశయాల అడుగు సుమారు 800 ఎకరాలు. అక్కడ స్థానిక మొక్కల విత్తనాలు చల్లారు, లక్షల సంఖ్యలో మొక్కలు నాటారు. దిగువ నదిలో తెగ మత్స్యశాఖ పెద్ద దుంగలను కలిపి అడ్డుగా నిలిపింది. వీటి వెనక ప్రవాహం నెమ్మదించి, చేప పిల్లలు దాక్కునే మడుగులు ఏర్పడతాయి. ఈ పనిని తెగ 1990ల చివరి నుంచే చేస్తోంది. కోహో చేపలను వాహనాల్లో తీసుకువెళ్లి ఎగువ ఉపనదుల్లో వదిలారు.

జలాశయం ఖాళీ అయ్యాక క్లాలం ప్రజల సృష్టి స్థలం కూడా బయటపడింది. పెద్దల నోట విన్న రాయిని వంద సంవత్సరాల తరవాత 2012లో వారు కళ్లారా చూశారు. మౌఖిక చరిత్ర ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

14.8 ఫలితాలు, మిగిలిన సమస్యలు

2014 సెప్టెంబరులోనే, చివరి పేల్చివేత జరిగిన కొద్ది రోజులకే, చినూక్ చేపలు గ్లైన్స్ కాన్యన్ దాటినట్లు గుర్తించారు. అయితే ఆనకట్ట స్థలానికి దిగువన పడిన పెద్ద బండలు ఇంకా చాలా చేపలకు అడ్డుగా ఉన్నాయని తేలింది. వాటిని తరవాతి రెండు సంవత్సరాల్లో పగలగొట్టవలసి వచ్చింది. ఆనకట్టను తీసినంత మాత్రాన దారి తెరుచుకోదని దీనివల్ల తెలుస్తుంది.

పూడికలో ఎక్కువ భాగం దిగువకు వెళ్లి గులకరాళ్ల మేటలను, ముఖద్వారం దగ్గర కొత్త ఇసుక తీరాన్ని ఏర్పరచింది. ఊహించని ఫలితం ఒకటి స్టీల్‌హెడ్ విషయంలో కనిపించింది. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. సముద్రానికి వెళ్లి వచ్చేది స్టీల్‌హెడ్, నదిలోనే ఉండిపోయేది రెయిన్‌బో ట్రౌట్. ఆనకట్టలకు పైన వంద సంవత్సరాలు బందీ అయిన ట్రౌట్ చేపల సంతతి, దారి తెరుచుకోగానే మళ్లీ సముద్రానికి వెళ్లింది. అరుదైపోయిన వేసవి స్టీల్‌హెడ్ తిరిగి నదిలో కనిపించింది. ఎగువ అడవి, నీరు చెడకుండా ఉండటం వల్లే ఇది సాధ్యమైంది.

అన్ని జాతులూ ఒకే వేగంతో కోలుకోలేదు. చినూక్ చేపల్లో చాలా భాగం ఇప్పటికీ హేచరీలో పుట్టినవే. హేచరీల పాత్రపై వివాదం కోర్టుకు కూడా వెళ్లింది. బురద కాలంలో చేపల జాతి అంతరించకుండా హేచరీ కాపాడుతుందని ఒక పక్షం అన్నది. హేచరీ చేపలు సహజ చేపలను బలహీనపరుస్తాయని మరో పక్షం అన్నది. 1915లో దారికి బదులుగా వచ్చిన హేచరీ, 2011 తరవాత దారికి తోడుగా వచ్చింది. సాధనం ఒకటే అయినా అది దేని కోసం అన్న ప్రశ్నకు జవాబు మారింది.

2011 నుంచి నదిలో వేటను నిలిపివేశారు. వేట హక్కు కోసం పోరాడిన తెగ కూడా తన హక్కును వాడకుండా పన్నెండేళ్లు ఆగింది. 2023 అక్టోబరులో 400 కోహో చేపలకు పరిమితం చేస్తూ, ఆచారాలకు, ఇంటి అవసరాలకు మాత్రమే తెగ తిరిగి చేపలు పట్టింది. నాలుగు లక్షల చేపలు వచ్చేవన్న నదిలో 400 చిన్న సంఖ్య. అయినా తాతల నాటి హక్కును స్వేచ్ఛగా పారే నదిలో వాడుకున్న మొదటి సందర్భం అది.

14.9 గోదావరితో పోలిక

తెలుగు విద్యార్థికి ఈ చరిత్ర పూర్తిగా పరాయిది కాదు. సముద్రంలో విలస, గోదావరిలోకి వచ్చాక పులస అని మనం పిలిచే చేప కూడా గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే చేపే. వరద నీరు ఎర్రగా వచ్చే నెలల్లో అది నదిలోకి వస్తుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారిలో ఉంది. 1873లో ఫ్రాన్సిస్ డే భారత, బర్మా మంచినీటి చేపలపై ఇచ్చిన నివేదికలో, నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల వలసను ఆపుతున్న విషయాన్ని చర్చించాడు. గంగపై 1975లో పనిచేయడం మొదలుపెట్టిన ఫరక్కా బ్యారేజీ తరవాత, అంతకుముందు అలహాబాదు వరకు వెళ్లిన ఇదే జాతి చేపలు ఎగువన బాగా తగ్గిపోయాయి.

అయితే పోలికకు హద్దులు ఉన్నాయి. ఎల్వా ఆనకట్టలు కేవలం విద్యుత్తు కోసం కట్టినవి. దానికి ప్రత్యామ్నాయం ఉంది. ధవళేశ్వరం మీద డెల్టాలోని లక్షల ఎకరాల సాగు, కోట్ల మంది తిండి ఆధారపడి ఉన్నాయి. దాన్ని తొలగించాలనడం అర్థం లేని మాట. ఇక సాల్మన్ దూకగలదు, పులస దూకలేదు. ఒకదానికి పనికొచ్చిన మెట్లు మరొకదానికి పనికిరావు. కాబట్టి ఎల్వా నుంచి మనం తీసుకోవలసింది తొలగింపు అనే పద్ధతిని కాదు. ఆనకట్ట లాభనష్టాలు లెక్కించేటప్పుడు చేపను, చేప మీద బతికే మత్స్యకారుడిని ఆ లెక్కలో చేర్చారా అన్న ప్రశ్నను తీసుకోవాలి. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకునే మనం, ఆ పులస ఏ దారిన వస్తుందో అడగడం న్యాయమే.

14.10 సంగ్రహం

ఎల్వాలో చేపల దారిని మూయకూడదన్న చట్టం 1890 నుంచే ఉంది. దాన్ని అమలు చేయమని అడిగే బలం ఉన్నవారు ఆనాడు లేకపోవడంతో, హేచరీ అనే బదులు ఏర్పాటుతో చట్టం చేతులెత్తేసింది. 1855 ఒప్పందంలో క్లాలం ప్రజలు నిలుపుకున్న హక్కు కూడా చాలాకాలం కాగితం మీదే ఉంది. అయితే ఆ హక్కును అడిగే ప్రజలు నది ఒడ్డునే మిగిలి ఉన్నారు, అడగడం మానలేదు. 1974 తీర్పు వారి మాటకు కోర్టు బలాన్ని ఇచ్చింది. లైసెన్సు గడువు ముగియడం, విద్యుత్తుకు ప్రత్యామ్నాయం ఉండటం, పర్యావరణ సంఘాల మద్దతు దానికి తోడయ్యాయి. ఈ భాగం మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. పునరుద్ధరణ అంటే నదిని 1910 నాటి స్థితికి తిప్పడం కాదని కూడా మనం చూశాం. దారి తెరిచాక, కోలుకునే పనిలో చాలా భాగాన్ని నది, చేపలు తమంతట తామే చేయవలసి ఉంటుంది. అందుకు అవసరమైన ఓపిక మనుషులది.

14.11 పారిభాషిక పదాలు

వలస చేప: జీవితంలో కొంతకాలం సముద్రంలో, కొంతకాలం నదిలో గడుపుతూ గుడ్లు పెట్టడానికి దూరం ప్రయాణించే చేప.
చేపల మెట్లు: ఆనకట్టను చేపలు దాటడానికి కట్టే నీటి మెట్ల వరుస.
హేచరీ: చేపల గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచే కేంద్రం.
పూడిక: జలాశయం అడుగున చేరే ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు.
నిలుపుకున్న హక్కు: ఒప్పందంలో ఇతర హక్కులను వదులుకుంటూ ఒక సమాజం తన దగ్గరే ఉంచుకున్న పూర్వపు హక్కు.

14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎల్వా నదిపై ఆనకట్టల నిర్మాణం చేపలపై, క్లాలం ప్రజలపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. 1855 ఒప్పందం నుంచి 1992 చట్టం వరకు జరిగిన పరిణామాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆనకట్టలను అంచెలంచెలుగా ఎందుకు తొలగించారు?
2. 1915 నాటి హేచరీకి, 2011 తరవాతి హేచరీకి ఉన్న తేడా ఏమిటి?
3. ఎల్వా అనుభవాన్ని గోదావరికి యథాతథంగా ఎందుకు అన్వయించలేం?

III. అభ్యాసం
మీ ఊరికి దగ్గరలో ఉన్న వాగు, చెరువు లేదా నదిలో ఒకప్పుడు దొరికి ఇప్పుడు దొరకని చేపల గురించి ఇద్దరు పెద్దలను అడగండి. వారు చెప్పిన పేర్లు, కాలం, కారణాలు రాసుకుని, వాటిలో ఏవి ఇతర ఆధారాలతో సరిపోతున్నాయో పరిశీలించండి.